అంగీచాటు పిస్తోలు

ఆయుధము ధరించుట యొకటి, ఆయుధము దాచుకొనుట వేఱొకటి. పొలమునకు బోవు రైతు భుజముపైనున్న గొడ్డలిని జూచి దారిలో నెవ్వరును వెఱవరు. సంతలో నొకని రొండిని పిడిబాకు కనబడినచో నెల్లవారును తొలగి నడతురు. గొడ్డలి పెద్దది, బాకు చిన్నది. అయినను గొడ్డలిగలవాడు తనయొద్ద నేమున్నదో లోకమునకు జెప్పియే నడచుచున్నాడు, బాకుగలవాడు చెప్పుటలేదు. లోకమునకు గిట్టనిది ఆ చెప్పకపోవుటయే.

అయితే దాచుకొనువారందఱును ద్రోహులు గారు. బెదరింపుజాబులు వచ్చుచున్నవాడు, రాత్రివేళ నొంటిగా నిల్లు చేరవలసినవాడు, పగబట్టినవారి వీధిగుండ ప్రతిదినము నడువక తప్పనివాడు, ఇట్టివారును ఆయుధమును దాచుకొందురు. బయటికి గనబడిన నది కయ్యమునకు బిలుపగును; లేకున్న ప్రాణమునకు దిక్కులేదని వారి తలంపు. చంపదలచినవాడును, చావునకు వెఱచినవాడును ఒక్కతీరుననే పిస్తోలును అంగీక్రింద బెట్టుకొనుచున్నారు. వీరిలో నెవ్వడెవ్వడో చట్టమెట్లు తెలిసికొనవలెను? ఈ ప్రశ్నను రెండువందల యేండ్లకు పైగా విడువక వాదించుచున్న దేశము అమెరికా సంయుక్తరాష్ట్రములు. ఆ వాదముయొక్క చరిత్రను జదివినకొలది నాకొక సంగతి స్పష్టమగుచు వచ్చినది. చట్టములోని మాటలు ఆయుధమును గూర్చి. అధికారి బల్లయొద్ద జరుగు విచారణ మాత్రము మనుష్యుని గూర్చి. ఎవని భయమును నమ్మవలెను, ఎవని భయమును త్రోసివేయవలెను అనునదే అక్కడ తేలుచుండెను.

1813వ సంవత్సరమున కెంటకీ రాష్ట్రమును, లూసియానా రాష్ట్రమును ఆయుధములను దాచి ధరింపరాదని శాసనములు చేసినవి. కెంటకీ శాసనమున జేబుపిస్తోలు, బాకు, పెద్దకత్తి, మనవారు గుప్తి యని పిలుచు కత్తిదాచిన చేతికఱ్ఱ, ఇవి పేర్కొనబడినవి. ప్రయాణములో నున్నవానికి మినహాయింపు గలదు. జరిమానా 100 డాలర్లకు తక్కువ గాదు. ఆయుధమే కూడదని శాసనము చెప్పలేదు, దాచుట కూడదనెను. నడుమున బహిరంగముగా పిస్తోలు వ్రేలాడవేసికొని తిరుగువానిని అది తాకలేదు. బ్లిస్ అను నతడు గుప్తితో పట్టుబడి జరిమానాకు గుఱియై పైకోర్టున కెక్కగా, 1822లో ఆ న్యాయస్థానము శాసనమునే కొట్టివేసెను. ఆయుధమును ధరించుట హక్కైనప్పుడు దాచి ధరించుటయు హక్కేయని న్యాయమూర్తుల తీర్పు. ప్రజల కది నచ్చలేదు కాబోలు. 1850లో వచ్చిన క్రొత్త రాజ్యాంగమున, దాచిన ఆయుధములను నిషేధించు నధికారము శాసనసభకు గలదని వ్రాసికొనిరి.

ఆ కాలపు మర్యాద యిట్టిది. వైరము గలవారు ముఖాముఖి నిలువవలెను; ఆయుధము కంటికి గనబడవలెను. 1850లో లూసియానా ఉన్నతన్యాయస్థానము ఒక వ్యాజ్యమున ఈ మాటనే చెప్పెను. బహిరంగముగా ఆయుధము దాల్చినవాడు పౌరుషముతో తన్ను గాచుకొనును, దాచినవాడు చాటున జంపుటకు జూచునని ఆ తీర్పుయొక్క సారము. ఇంతలో ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజరు అను తుపాకిపనివాడు అరచేతిలో నిముడు పిస్తోళ్లను చేసి యమ్ముచుండెను. ఆఱంగుళములకు మించని యా వస్తువు కోటుజేబులో నున్నచో పైకి గుర్తైన నుండదు. ఒక్క గుండు మాత్రమే పట్టును. దగ్గఱనుండి కాల్చిననే పనికివచ్చును. 1865 ఏప్రిలు 14వ తేదీ రాత్రి నాటకశాలలో అబ్రహాము లింకనుయొక్క తలవెనుక పేలినది ఇట్టి పిస్తోలే.

ఈ తొలికాలపు వ్యాజ్యములలో నన్ను మిక్కిలి ఆకర్షించినది అలబామా రాష్ట్రములోనిది. 1839లో ఆ రాష్ట్రము ఆయుధములను రహస్యముగా ధరించు దురాచారము నణచుటకని యొక శాసనము చేసెను. మఱుసటియేట ఆ శాసనముక్రింద న్యాయస్థానము ముందు నిలిచినవాడు దొంగయు గాడు, జూదరియు గాడు. మాంట్‌గోమరీ మండలపు షెరీఫు. షెరీఫనగా శాంతిభద్రతలను గాపాడు అధికారి. ఒకడు తనపై బడి కొట్టెననియు, మరల బెదరించుచుండెననియు, విధులు నిర్వర్తించుచు ప్రాణము గాచుకొనుటకై పిస్తోలును దాచియుంచుకొనవలసి వచ్చెననియు నతడు విన్నవించుకొనెను. న్యాయస్థానము వినలేదు. నీకు ఆత్మరక్షణాధికారము గలదు, దాని నెవ్వరును కాదనరు, కాని ఆయుధమును అందఱకు గనబడునట్లు ధరింపుము, రక్షణకు పనికివచ్చునదియు నదియే యని తేల్చెను. అధికారికి సయితము సందిగ్ధముగా విడిచిపెట్టని ఆ న్యాయమూర్తులను మెచ్చుకొనవలసినదే. మాంట్‌గోమరీ అను నీ పేరును మాత్రము చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. నూటపదునాఱేండ్ల తరువాత ఆ మండలపు షెరీఫు కచేరికే మరల రావలసియున్నది.

పైన జెప్పిన మర్యాదలన్నియు తెల్లవారి నడుమ మర్యాదలు. బహిరంగముగా ధరింపుము, పౌరుషముతో నిలువుము అను నుపదేశము బానిసకు వర్తింపదు. దక్షిణరాష్ట్రములలో నల్లవాడు బానిసయైనను, స్వతంత్రుడైనను తుపాకి పట్టుకొనుట పెక్కుచోట్ల నేరము. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము తొలగిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రము, లైసెన్సు లేక విముక్తులు తుపాకిగాని, పిస్తోలుగాని, బాకుగాని యుంచుకొనరాదని శాసించెను. ఇట్టి శాసనములలో జాతిపేరు వ్రాయుట కూడదని రాజ్యాంగము మార్చబడిన పిమ్మట పేరు పోయినది, పని పోలేదు. టెనెసీ రాష్ట్రము సైన్యమును, నౌకాదళమును వాడు పెద్ద పిస్తోలును మాత్రమే, అదియు చేతబట్టుకొని బహిరంగముగా, తీసికొనిపోవచ్చునని విధించెను. అవి వెలగలవి. చౌకగా దొరకు చిన్న పిస్తోలు నేరమైనది. ఎవరియొద్ద నేది యుండునో వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఫ్లారిడాలోని కథ మఱింత నిష్కపటమైనది. 1893లో ఆ రాష్ట్రము వరుసగా గుండ్లు పేల్చు రైఫిళ్లకు లైసెన్సు విధించి, 1901లో పిస్తోళ్లను గూడ చేర్చెను. 1941లో తన మోటారుబండిలో పిస్తోలు దాచియుంచుకొనిన యొకని వ్యాజ్యము విచారణకు రాగా, ఆ రాష్ట్రపు ఉన్నతన్యాయమూర్తులలో నొకడగు బ్యూఫర్డు తన తీర్పులో దాపఱికము లేక వ్రాసిపెట్టెను: ఈ శాసనము నల్లకూలీలను నిరాయుధులను జేయుటకై పుట్టినది, తెల్లవారిపై దీనిని ప్రయోగింపవలెనని యెన్నడును ఎవ్వరును తలపలేదు, ప్రయోగింపబడనులేదు. ఈ మాటలకు తాత్పర్యమిది. శాసనపుస్తకమున నుండు వాక్యమొకటి, అది నడచు దారి యొకటి. ఈ రెండవదానిని పుస్తకములలో వెదకిన దొరకదు. ఒక న్యాయమూర్తి నోరుజాఱి చెప్పిననే దొరకును.

ఇక నొక స్త్రీ కథ. ఐడా వెల్సు 1862లో మిసిసిపీ రాష్ట్రమున బానిసల యింట బుట్టెను. పదునాఱేండ్ల ప్రాయమున తలిదండ్రులిరువురును విషజ్వరమున మరణింపగా, ఉపాధ్యాయినియై తమ్ములను జెల్లెండ్రను బోషించెను. రైలులో స్త్రీల పెట్టెకు టిక్కెట్టు కొని కూర్చున్నయామెను లేచిపొమ్మని కండక్టరు చేయిపట్టి లాగగా, ఆమె యా చేతిని గఱచెను. వ్యాజ్యము వేసి 1884లో క్రిందికోర్టున 500 డాలర్లు గెలిచెను. 1887లో పైకోర్టు దానిని ద్రోసివేసెను. ఇట్టి యామె మెంఫిస్ నగరమున నొక పత్రికకు భాగస్వామినియు సంపాదకురాలునైనది.

ఆ నగరమున థామస్ మాస్ అను నల్లజాతి తపాలాబంట్రోతు మిత్రులతో గలిసి యొక కిరాణాదుకాణము పెట్టెను. ఎదుటనున్న తెల్లవాని దుకాణమునకు బేరము తగ్గినది. తగవు పెరిగినది, తుపాకులు పేలినవి. మాసును, అతని మిత్రులిద్దఱిని చెఱసాలలో బెట్టిరి. 1892 మార్చి 9వ తేదీ రాత్రి తెల్లవారి గుంపు చెఱసాలనుండి వారి మువ్వురిని ఈడ్చుకొనిపోయి కాల్చి చంపెను. మాసు కూతురికి వెల్సు జ్ఞానస్నానపు తల్లి. ఆమె పత్రికలో వ్రాసినది సూటిగా నుండెను: మన ప్రాణమునకు రక్షణ లేని యూరిని విడిచి పొండు. వేలకొలది జనులు కదలిరి. నల్లవారు ట్రాముబండ్ల నెక్కుట మానిరి. ట్రాముకంపెనీ యధికారులు వెదకికొనుచు ఆమె కచేరికే వచ్చి, మీవారి కేమి కోపము వచ్చినదని యడిగిరి. గుంపుగూడి చంపుట కేమి నెపములు చెప్పబడుచున్నవో యామె యొక్కొక్కదానిని విచారించి, అవి యబద్ధములని ప్రకటించెను. మాసు హత్యకు బిమ్మట తాను మొదట చేసినపని యొక పిస్తోలు కొనుటయని తన స్వీయచరిత్రలో నామె చెప్పుకొనెను.

ఒక్క నిమిషమాగి యీ దృశ్యమును జూడవలెను. ముప్పదియేండ్ల స్త్రీ, ఒంటిగత్తె, దినదినము కచేరికి నడచిపోవుచున్నది. ఆమెకు వచ్చు బెదరింపులు కల్పనలు గావు; మిత్రుని శవము నిదర్శనము. షెరీఫు కాపాడునాయన్న, ఆ షెరీఫు చెఱసాలనుండియే కదా యతని నెత్తుకొనిపోయిరి! అట్టి స్త్రీ పిస్తోలు కొనిన తప్పుపట్టుటకు నాకు నోరురాదు. అహింసను నమ్మువారు గూడ ఆమె స్థానమున నొకరాత్రి నిలిచి చూచి పిదప మాటాడవలెను. అయితే ఆ పిస్తోలేమి చేయగలిగినది? ఆ యేడు మే నెలలో నామె తూర్పురాష్ట్రములకు బోయియుండగా గుంపు వచ్చి ముద్రాయంత్రమును ధ్వంసము చేసెను. తిరిగివచ్చినచో చంపుదుమని చెప్పిపంపెను. ఆమె వెనుకకు రాలేదు. న్యూయార్కునుండి వ్రాసెను, ఇంగ్లండునకు బోయి యుపన్యసించెను, 1931లో మరణించువఱకు వ్రాయుచునే యుండెను. శత్రువులను బాధించినది పిస్తోలు గాదు, ఆమె సేకరించిన లెక్కలు. కాని ఆ లెక్కలు వ్రాయుటకు ప్రాణముండవలెను గదా యని యామె యడిగిన నేమి చెప్పుదుము? తన చిన్నపుస్తకములలో నామె, ప్రతి నల్లవాని యింటను రైఫిలునకు గౌరవస్థానముండవలెనని వ్రాసినది గూడ.

ఉత్తరమున న్యూయార్కు నగరమున భయము మఱొక రూపము దాల్చెను. అక్కడ క్రొత్తగా దిగినవారు ఇటలీ దేశీయులు, తూర్పుఐరోపా యూదులు. 1911 జనవరిలో నగరము నడిబొడ్డున నొక నవలారచయితను పిస్తోలుతో గాల్చి చంపిరి. ఆ యేడే సల్లివన్ అను శాసనసభ్యుని పేర బిలువబడు చట్టము వచ్చినది; పోలీసు లైసెన్సు లేక దాచుకొనదగిన పిస్తోలు నుంచుకొనుట నేరమయ్యెను. ఆ చట్టముక్రింద మొదట చెఱకు బోయినవారిలో నొక ఇటలీ కార్మికుడు గలడు. పని వెదకికొనుచు బోవుచున్న నతనియొద్ద రివాల్వరు దొరకినది. నల్లచేయి యను పేర బెదరించి సొమ్ము గుంజు ముఠావారికి వెఱచి యుంచుకొంటినని యతడు చెప్పెను. ఆ ముఠాలు నిజముగ నుండెను, ఇటలీవారినే పీడించుచుండెను. న్యాయాధిపతి యతనికొక సంవత్సరము శిక్ష విధించుచు, మీ జాతివారి కిదియొక యలవాటని గద్దించెను. బెదరింపబడినవాడు చెఱకు, బెదరించినవాడు వీధికి. చట్టము చెడ్డదని నేననుటలేదు. నగరములో పిస్తోళ్లు తగ్గుట మంచిదే. కాని భయమునకు కారణమైనవానిని బట్టక భయపడినవానిని బట్టుట సులభము. సులభమైనపనిని అధికారులు ముందుగా జేయుదురు.

ఇప్పుడు మాంట్‌గోమరీకి బోవుదము. 1955 డిసెంబరు 5వ తేదీన ఆ పట్టణమున నల్లవారు బస్సు లెక్కుట మానిరి. వారి సంఘమునకు నాయకుడుగా నెన్నికైన మార్టిన్ లూథర్ కింగునకు అప్పటికి ఇరువదియాఱేండ్లు; డెక్స్‌టరు వీధి చర్చికి బోధకుడు; ఇంట భార్య కొరెట్టా, నెలదిరుగని బిడ్డ. బెదరింపుజాబులును, టెలిఫోనులును వెంటనే మొదలై జనవరి నడుమకు దినమునకు ముప్పది నలుబదివఱకు బెరిగినవి. టెలిఫోను తీసినచో బూతులు, తీయకున్న మ్రోత. కొరెట్టా యా గొంతులను వినుచు వంట చేసికొనవలెను, బిడ్డకు పాలీయవలెను. ఎదురుపడి పొడుచువాని బెదరింపు ఒక్కసారియే. ఇది ఇంటిలోనికి దీగగుండ వచ్చి ప్రతిగంటయు గూర్చుండును. జనవరి 27వ తేదీ రాత్రి యట్టి పిలుపొకటి వచ్చినపిమ్మట కింగునకు నిద్రపట్టలేదు. వంటయింటికి బోయి కాఫీ కాచుకొని, బల్లపై చేతులుంచి, ధైర్యము సన్నగిల్లినదని తనలో నొప్పుకొని ప్రార్థించెనట. మహానాయకుల చరిత్రలలో వంటయింటి కింత స్థానము దొరకుట యరుదు.

మూడుదినములకు, జనవరి 30వ తేదీ రాత్రి, అతడు సభలో నుండగా ఇంటివసారాలో బాంబు పేలెను. ముందుగదిలో కొరెట్టా యొక స్నేహితురాలితో మాటాడుచుండెను. వసారాలో నేదో బరువుగా బడినట్లు వినబడగనే కిటికీయొద్దకు బోయి చూడక, ఇరువురును వెనుకగదివైపు పరుగెత్తిరి. ఆ జాగ్రత్త వారిని గాచినది. కింగు వచ్చునప్పటికి ఇంటిముందు వందలకొలది నల్లవారు గూడియుండిరి, పెక్కుమందియొద్ద ఆయుధములు. నగరాధ్యక్షుడును, పోలీసు కమిషనరును లోపల జిక్కుకొని యుండిరి. ఒక్క గుండు పేలినచో నారాత్రి యేమగునో యూహింపవచ్చును. కింగు విఱిగిన వసారాపై నిలిచి, భార్యయు బిడ్డయు క్షేమమని చెప్పి, ఆయుధములను ఇండ్లకు దీసికొనిపొమ్మని వేడుకొనెను. జనులు మెల్లగా కదలిరి. కొరెట్టాతండ్రి యా రాత్రియే తనయూరినుండి బండి తోలుకొని వచ్చి కూతురిని తీసికొనిపోవ జూచెను. ఆమె పోలేదు. ఈ పోరాటమున నామెకు భాగమిచ్చుటకు ఆ యొక్క నిర్ణయము చాలును.

గుంపును ఆయుధములతో నింటికి బంపిన యా కింగే కొలదిదినములలో మిత్రులతో షెరీఫు కచేరికి బోయి, పిస్తోలు దగ్గఱనుంచుకొనుటకు లైసెన్సు కోరెను. దీనిని దాచువారు గలరు, దాచనవసరము లేదు. అతడు స్వయముగా జెప్పుకొనినదే. అలబామాలో నప్పటికి 1839 నాటి నిషేధము పోయి, షెరీఫు తగినవాడని తలచినవానికి లైసెన్సీయవచ్చునను పద్ధతి వచ్చియుండెను. తగినవాడని తలచుట! బాంబు పేలిన గోయి యింకను పూడలేదు. దేశములో నతనికంటె బెదరింపుకు నిదర్శనము చూపగలవాడుండునా? లైసెన్సు నిరాకరింపబడెను. 1840లో షెరీఫు తన భయమును జెప్పుకొనగా, భయము నిజమే గాని బహిరంగముగా ధరింపుమని న్యాయస్థానము చెప్పినది. 1956లో కింగునకు ఆ మాటయు జెప్పువారు లేరు. నల్ల బోధకుడు పిస్తోలును నడుమున వ్రేలాడవేసికొని ఆ వీధులలో నడచినచో నతడు మూలమలుపు దాటకముందే శవమగును.

ఇంటిలో మాత్రము తుపాకులుండెను. కావలివారియొద్ద నుండెను. ఆ ఫిబ్రవరి నెలలో సహాయమునకై వచ్చిన బేయర్డు రస్టిను, గాంధీమార్గమును జదివినవాడు, తనతో వచ్చిన పాత్రికేయుడు కుర్చీలో గూర్చుండబోవగా ఆగుమాగుమని యఱచెనట, కుర్చీలో పిస్తోలుండెను. అహింసాపోరాటమునకు నాయకుని యింట ఇది తగునాయని యారాత్రి చర్చ జరిగినది. కింగు వెంటనే యొప్పుకొనలేదు. కొరెట్టాతో పలుమాఱు మాటాడుకొని, ఇంటిలోని యొక్క తుపాకిని వదలుకొనిరి. చుట్టును దీపములు పెట్టించి, కావలివారిని ఆయుధములు లేకయే నిలిపిరి. అతడు తరువాత చెప్పుకొనినది వినదగినది: తుపాకి యున్నన్నాళ్లు భయము హెచ్చుగా నుండెను, దానిని వదలుకొన్న పిమ్మట మరణమునుగూర్చి ముఖాముఖి యాలోచింపవలసివచ్చి, ఆలోచించి, భయమును దాటితిని. ఇది సిద్ధాంతగ్రంథమునుండి వచ్చిన మాటగాదు. పిస్తోలు పెట్టుకొన్నవాడు ఎదుట వచ్చు ప్రతివానిని దానిని తీయవలసివచ్చునా యను దృష్టితోనే చూచును. చేయి జేబుదగ్గఱనే యుండును. జేబులో నిప్పుకణికను బెట్టుకొని నిదురపోవుట యెట్లు?

జనవరి 30 అనగానే మన పాఠకులకు మఱొక సంవత్సరము స్ఫురించియుండును. మాంట్‌గోమరీలో బాంబు పేలుటకు సరిగా నెనిమిదేండ్ల ముందు, 1948లో, ఢిల్లీలో ప్రార్థనకు నడచుచున్న గాంధీమహాత్ముని చంపినవాడు పిస్తోలును బట్టలచాటున దాచుకొని వచ్చి, నమస్కరించుచున్నవానివలె ముందుకు వంగెను. దానికి పదిదినములముందే అదే తోటలో బాంబు పేలగా, ప్రార్థనకు వచ్చువారిని సోదాచేయుదుమని పోలీసులు కోరిరి, మహాత్ముడు కూడదనెను. తన భయమునకై పరులను అనుమానింపనొల్లని యా నిరాకరణకు వెల యెంతయో మనకు దెలియును.

మన దేశమున నీ చరిత్ర వేఱు. 1878లో లిట్టన్ ప్రభుత్వము చేసిన ఆయుధచట్టముక్రింద భారతీయునకు లైసెన్సు కావలెను. ఐరోపావారికిని, కొందఱు బిరుదాంకితులకును అక్కఱలేదు. అందుచేతనే తుపాకులు కావలసినపుడు అల్లూరి సీతారామరాజు 1922 ఆగష్టు 22వ తేదీన చింతపల్లి పోలీసుస్టేషనుమీదికి బోవలసివచ్చెను. మన్యములో తుపాకులున్న చోటు లవియే. ఈ యవమానమును దలచియే 1931 కరాచీ కాంగ్రెసు, ప్రతి పౌరునకు నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు గలదని ప్రాథమికహక్కుల తీర్మానమున జేర్చెను. స్వరాజ్యము వచ్చి రాజ్యాంగము వ్రాసికొనునపుడు ఆ హక్కు రాలేదు. వచ్చినది శాంతముగా, నిరాయుధులై సమావేశమగు హక్కు. విభజన నాటి నెత్తురును జూచినవారు వ్రాసిన వాక్యమది. 1959 ఆయుధచట్టము లైసెన్సును అధికారి విచక్షణకే విడిచినది. 2014లో కాన్పూరు ప్రభుత్వకర్మాగారము స్త్రీల చేతిసంచికి సరిపోవునని అఱకిలో బరువుగల రివాల్వరును దయారుచేసి, ఢిల్లీలో 2012లో ఘోరమునకు బలియైన యువతిని స్మరించునట్లు నిర్భీక్ అని పేరు పెట్టెను. వెల సుమారు 1,22,000 రూపాయలు. సాయంకాలపు బస్సునకై దారిలో నిలిచియుండు స్త్రీలలో నెందఱు దానిని కొనగలరు? వీధిదీపములు వెలిగించి, బస్సులు వేళకు నడుపవలసిన పనిని చేతిసంచిలో బెట్టి స్త్రీకే యప్పగించుటవలె నాకు దోచినది.

కింగు కథ యింకొంత గలదు. 381 దినముల బహిష్కారము 1956 డిసెంబరులో గెలుపుతో ముగిసెను. రెండేండ్లకు, 1958 సెప్టెంబరు 20న, న్యూయార్కులోని హార్లెములో నొక దుకాణమున ఆ పోరాటమునుగూర్చి తాను వ్రాసిన పుస్తకముపై సంతకములు చేయుచుండగా నొక నల్లజాతి స్త్రీ వచ్చి, నీవే కింగువా యని యడిగెను. అవునని తలయెత్తువఱకు జాబులు చించు పదునైన కత్తి యతని ఱొమ్మున దిగెను. మొన గుండెయొద్ద పెద్దనాడిని తాకియుండెను. తుమ్మినను ప్రాణము పోయెడిదని వైద్యులనిరి. పోలీసులు సోదాచేయగా నామె రవికలో గుండ్లు నింపిన చిన్న పిస్తోలు దొరకినది. ఆమెకు మతిస్థిమితము లేదు. ఆమెను శిక్షింపవలదు, వైద్యము చేయింపుడని కింగు కోరెను. ఆ దినమున నతనియొద్ద పిస్తోలున్నను చేయగలిగినది లేదు. సంతకము చేయు చేతిలో కలముండెను. ఎదుట నున్నది పాఠకురాలని యతడు నమ్మెను.

అందఱును అతనివలె నుండలేదు. ఇది చెప్పకున్న చరిత్ర సగమే. మిసిసిపీలో మెడ్గర్ ఎవర్సు కారులో తుపాకి యుంచుకొనెడివాడు. 1963 జూన్ 12న తన యింటిముంగిట కారు దిగుచుండగా చీకటినుండి వెన్నున దూసికొనివచ్చిన రైఫిలుగుండునకు బలియయ్యెను. లూసియానాలో 1964లో నల్ల కార్మికులు ఆయుధములతో సంఘముగా నేర్పడి, అహింసావాదుల యిండ్లకు రాత్రులు కావలి గాచిరి. ఆ కావలివలన నిదురించినవారు గలరు. కింగు 1968 ఏప్రిలు 4న మెంఫిసులో, వెల్సు మిత్రుని చంపిన యా నగరముననే, దూరమునుండి కాల్చబడిన రైఫిలునకు గూలెను. ఆయుధమున్నవాడును, లేనివాడును ఒక్కతీరుననే పోయిరి.

అటుతరువాత అమెరికా మరల దిరిగినది. 1987లో ఫ్లారిడా, అర్హతలున్నచో అడిగినవానికెల్ల దాచి ధరించు లైసెన్సు నీయవలెనని చట్టము చేసెను. పెక్కు రాష్ట్రములు దానిని వెంబడించినవి. సగమునకు మించిన రాష్ట్రములలో ఇప్పుడు లైసెన్సే యక్కఱలేదు. 2022లో ఉన్నతన్యాయస్థానము న్యూయార్కువారి పాత పద్ధతిని గూడ కొట్టివేసెను. ప్రత్యేకకారణము చూపిననే లైసెన్సిత్తుమను నియమము చెల్లదని తీర్పు. ఆ వ్యాజ్యములో బీదల పక్షమున వాదించు నల్లజాతి న్యాయవాదులు కొందఱు తుపాకివారివైపు చేరుట కొందఱకు వింతగ దోచెను. ఆ చట్టముక్రింద చెఱకు బోవు తమ కక్షిదారులలో దాదాపందఱును నల్లవారును, స్పానిషు మాటాడు బీదలును అని వారు చెప్పిరి. 1911 నాటి ఇటలీ కార్మికుని కథ వారికి తెలియనిది గాదు. అయితే లైసెన్సు తీసివేసినంతమాత్రమున అధికారి కన్ను మాఱునా? నల్లవాని జేబు ఉబ్బెత్తుగా నున్నపుడు, తెల్లవాని జేబు ఉబ్బెత్తుగా నున్నపుడు ఆ కన్ను ఒకటే చూచునా? అది న్యాయస్థానపు తీర్పులో లేదు.

అలబామాలో 2023 జనవరి 1 మొదలు పిస్తోలు దాచి తిరుగుటకు షెరీఫు ననుమతి నడుగనక్కఱలేదు. మాంట్‌గోమరీలో కింగు కాపురమున్న యిల్లు ప్రదర్శనశాలయై యున్నది. వసారాపై బాంబు పడినచోట గుంట గుర్తు నేటికిని జూపుదురు. లోపల వంటయిల్లు, అందులో నాతడు కాఫీ పెట్టుకొని కూర్చున్న బల్ల గలవు.